మూడో రింగు మోగకముందు

టెలిఫోన్ తీగ మనిషిని చంపదు. తడి చేత్తో పట్టుకుంటే చురుక్కుమంటుంది. అంతే.

అయినా లక్ష్మీరాజం టెలిఫోన్ స్తంభం కింద చచ్చి పడి ఉన్నాడు.

జానకంపేట స్టేషన్ అవతల, రైలు పట్టాలకూ చెరుకు తోటకూ మధ్య గట్టు మీద. నిచ్చెన ఇంకా స్తంభానికి ఆనించే ఉంది. లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. షాక్ కొట్టిందని ఊరంతా అనుకున్నారు. పోలీసులూ అదే రాసుకున్నారు.

అతని భార్య పెంటవ్వ ఒక్కతే ఒప్పుకోలేదు.

"పెండ్లైన కాంచి సూస్తున్న. గా తీగలు పట్టుకొనే బతికిండు," అంది ఎస్సైతో. "గవి ఆయన్ని సంపయి సారూ. ఎవలో సంపిండ్రు."

ఆ ఎస్సైకి చిన్నప్పటి నుంచి ఆడవాళ్ల మాట వినే అలవాటుంది. శవాన్ని మళ్లీ చూడమని డాక్టరును అడిగాడు. కుడి చెవి వెనక, సూది గుచ్చినంత నల్ల చుక్క. ఆ చుక్క ఫోటో హైదరాబాద్ చేరింది. అక్కడ ఒక మనిషి దాన్ని చూసి, తింటున్న ఇడ్లీ పక్కన పెట్టేశాడు.

అతని పేరు భానుప్రసాద్. అతని డిపార్టుమెంటుకు బోర్డు లేదు.

* * *

"నీది ఏ ఊరు, ముఖీత్?"

"బోధన్ సార్. రాకాసిపేట."

"మీవాళ్లు ఇంకా ఉన్నారా అక్కడ?"

"ఉన్నారు సార్. ఖబరస్తాన్‌లో."

భానుప్రసాద్ లేచాడు. చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద ఒక ఇల్లు గీశాడు. చిన్నపిల్లలు గీసే ఇల్లులాగే ఉంది.

"ఇది ఇల్లు. ఇంట్లో ఫోన్. ఫోన్ నుంచి రెండు తీగలు బయటికి వస్తాయి. రెండూ కలిపి ఒక జత. జత స్తంభం మీద డబ్బాలోకి పోతుంది. చుట్టుపక్కల ఇళ్ల జతలన్నీ ఆ డబ్బాలోకే. అక్కడి నుంచి కేబులై భూమిలోకి దిగుతుంది. రోడ్డు పక్క పిల్లర్. పిల్లర్ నుంచి ఎక్స్ఛేంజి. ఎక్స్ఛేంజి నుంచి లోకం."

"తెలుసు సార్. ఇప్పుడు అందరూ ఫైబర్‌కు మారిపోయారు కదా."

"అందరూ మారలేదు. లక్ష్మీరాజం ఎక్కిన స్తంభం మీద ఇంకా ఒక జత బతికే ఉంది. విమలమ్మ అనే ఆవిడది. ఆ నంబరుకు నాలుగు నెలలుగా ప్రతి శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకు ఒక కాల్ వస్తోంది. బయటి దేశం నుంచి. రెండు రింగులు. కట్. ఎవరూ ఎత్తరు."

"ఎత్తని ఫోన్‌లో రహస్యం ఏముంటుంది సార్?"

"అదే నీ మిషన్." భానుప్రసాద్ ఇంటి పక్కన అడ్డంగా ఒక గీత గీశాడు. "ఇది రైలు పట్టా. ఈ శుక్రవారం రెండు గంటలకు ఇక్కడ మిలిటరీ స్పెషల్ పోతుంది. మందుగుండు, జవాన్లు. ముందు దారి చూసే పైలట్ ఇంజన్. రెంటి మీదా జామర్లు. చుట్టుపక్కల ఏ సెల్‌ఫోనూ పని చేయదు. రిమోటుతో ఎవడూ ఏమీ పేల్చలేడు."

ముఖీత్ బోర్డు మీద ఇంటి నుంచి పట్టా దాకా వేలు జరిపాడు.

"తీగకు జామర్ ఉంటుందా సార్?"

భానుప్రసాద్ చాక్‌పీసు కింద పెట్టాడు.

"ఉండదు."

"రైలు ఆపండి."

"చచ్చిన లైన్‌మన్‌నూ, ఎత్తని ఫోన్‌నూ చూపిస్తే మిలిటరీవాళ్లు రైలు ఆపరు. రుజువు కావాలి. దీని వెనక ఒక ముఠా ఉందని అనుమానం. అందులో మన మనిషి ఒకామె ఉంది. కోడ్ పేరు నీలాంబరి. అవసరమైతే ఆమే నిన్ను పిలుస్తుంది. జాగ్రత్త. ఆమె మనకు ఎంత చెబుతుందో వాళ్లకూ అంతే చెబుతుందని నాకు అనుమానం."

వెళ్లేముందు టెక్నికల్ సెక్షన్‌వాళ్లు ముఖీత్‌కు ఒక పాన్ డబ్బా ఇచ్చారు. పైన తమలపాకులు, సున్నం, వక్క. అడుగున సన్నటి మీటరు. ఏ తీగ పక్కన పెట్టినా అందులో కరెంటు పారుతోందో లేదో, ఎవరైనా మధ్యలో తాగుతున్నారో లేదో చెబుతుంది.

"పాన్ కూడా తినొచ్చా?" అన్నాడు ముఖీత్.

"సున్నం మాత్రం అసలుది కాదు," అన్నారు వాళ్లు.

* * *

శుక్రవారం పొద్దున నిజామాబాద్ బస్టాండు బయట ఒక ఆటో ఆగి ఉంది. డ్రైవర్ చెరుకు ముక్క నములుతున్నాడు.

"కొన తింటవా, మొదలు తింటవా భాయ్?" అన్నాడు డ్రైవర్.

"నోట్ల పండ్లు లేవు. రసం ఇయ్యి," అన్నాడు ముఖీత్.

కోడ్ సరిపోయింది. డ్రైవర్ పేరు ఎజాజ్. డిపార్టుమెంటుకు లోకల్ కాంటాక్ట్. ముఖీత్ నీలం టోపీ పెట్టుకున్నాడు, మెడలో ఐడీ కార్డు వేసుకున్నాడు. కార్డు మీద పేరు అఖిలేష్. ఫైబర్ కనెక్షన్లు ఇచ్చే కంపెనీ మనిషి.

"అఖిలేషా?" ఎజాజ్ అద్దంలోంచి చూశాడు. "గా మొఖానికి గా పేరు అతుకుతలేదు."

"నువ్వు రోడ్డు చూడు."

విమలమ్మ ఇల్లు చెరుకు తోట అంచున ఉంది. రెండు గదుల పెంకుటిల్లు. ముందు గదిలో ఎత్తు పీట మీద ఎర్ర ఫోన్. దాని మీద కుట్టుపూల గుడ్డ. ఫోన్‌కు పసుపు రాసి, బొట్టు పెట్టి ఉంది.

"అవ్వా, ఫైబర్ పెట్టిద్దామా? టీవీ గూడ అండ్లనే వస్తది."

"వద్దు బిడ్డా. గా పిల్లకు గూడ గిదే చెప్పిన. గిదే తీగ ఉండాలె. మారిస్తే నంబర్ పోతదేమోనని నాకు భయం."

"ఏ పిల్ల?"

"శ్రీవాణి. మీ కంపెనీ గాదా? నల్లద్దాలు పెట్టుకుంటది. గోర్లు ఎర్రగ ఉంటయి. సెంటు వాసనకు నా కోళ్లు గూడ దూరం పోయినయి." విమలమ్మ నవ్వింది. "గని మంచి పిల్ల. నా బాధంత కూసుండి ఇన్నది. గంతసేపు ఎవలింటరు గీ రోజులల్ల?"

"నేను గూడ వింట అవ్వా. చెప్పుండ్రి."

ఆమె చెప్పింది. ఆమె భర్త సిద్దిరాములు చక్కెర ఫ్యాక్టరీలో చేసేవాడు. పట్టాల పక్కనే చెరుకు బండ్లు తూచే కాంటా ఉండేది. అక్కడ అతని పని. కాంటాలో ఒక ఫోన్ ఉండేది. బండ్లు అయిపోగానే ఇంటికి రెండు రింగులు ఇచ్చేవాడు. రెండు రింగులంటే, బయలుదేరుతున్నానని. ఆమె ఎత్తేది కాదు. ఎత్తితే ఆఫీసుకు బిల్లు పడుతుంది. అతను వచ్చేలోపల ఆమె నీళ్లు కాచి పెట్టేది.

ఫ్యాక్టరీ మూతబడింది. సిద్దిరాములు దుబాయ్ పోయాడు. అక్కడి నుంచి కూడా అదే పద్ధతి. శుక్రవారం సెలవు. మధ్యాహ్నం రెండు రింగులు. మంచిగున్నానని.

"రెండైతే ఎత్తకు, మూడోది మోగితే ఎత్తు అని చెప్పి పోయిండు. మూడోది ఎన్నడు మోగలే. కొన్నేండ్లకు రెండు గూడ ఆగిపోయినయి. కంపెనీ మారిండన్నరు. ఎడారికి పోయిండన్నరు. ఎవలికి తెల్వది. లైన్ మాత్రం కోయనియ్యలే నేను. ఆయనకు ఎరుకున్న నంబర్ గిదొక్కటే."

"మళ్లా ఎప్పుడు మొదలైనయి?"

ఆమె ముఖం వెలిగింది. ముఖీత్ కళ్లు దించుకున్నాడు.

"ఎండాకాలంల. శుక్రారం. రెండు గొట్టంగ. రెండు రింగులు. ఆయనే అని నాకెర్కైంది. బడాపహాడ్ దర్గాకు పోయి కందూరు చేసిన. ఊరంతటికి అన్నం పెట్టిన."

దర్గా పేరు వినగానే ముఖీత్ చెయ్యి తనకు తెలియకుండానే టోపీ సర్దుకుంది. విమలమ్మ చూసి, చూడనట్టే చెప్పుకుపోయింది.

"గని బిడ్డా, నడుమ రింగు సన్నగైంది. పీల గొంతు తీర్గ అస్తుంది. ఆఫీసోళ్లు రారు. లక్ష్మీరాజన్నను బతిమాలిన. జర సూడన్నా అని. నా ఫోన్ సూడ పోయే సచ్చిండు ఆయన." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పెంటవ్వ మొఖం సూడలేక బాయికాడికి పోవుడే బంద్ చేసిన."

ముఖీత్ రాకాసిపేటలో పుట్టాడు. అతని తండ్రి కూడా గల్ఫ్‌లోనే ఉండేవాడు. వాళ్లింట్లో గుర్తు ఒకటే రింగు. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పడు.

* * *

స్తంభం దగ్గర పోలీసులు నిచ్చెనను కింద పడేసి పోయారు. ముఖీత్ దాన్ని మళ్లీ ఆనించి ఎక్కాడు. డబ్బా తెరిచాడు. లోపల అన్నీ తుప్పు పట్టిన జతలు. ఒక్క జతే మెరుస్తోంది. విమలమ్మది.

దానికి ఎవరో ఒక కొత్త తీగ ముక్క కలిపారు. ఆ ముక్క పక్కనున్న చచ్చిన జతకు పోయింది. ఆ జత స్తంభం దిగి, చెరుకు తోటలో దూరి, పట్టాల వైపు పోయింది. అంటే విమలమ్మ ఇంట్లో మోగే రింగు ఇంకోచోట కూడా మోగుతోంది. ఒక ఇంటి గంట మోగించడానికి వచ్చే కరెంటును ఇద్దరు పంచుకుంటే ఇద్దరికీ సగమే. అందుకే రింగు సన్నబడింది. ముసలామె చెవి మీటరు కంటే ముందే పట్టుకుంది.

ముఖీత్ తీగ వెంట పోదామనుకుని దిగాడు. గట్టు మీద ఎజాజ్ ఆటో హారన్ కొట్టింది.

"భాయ్, ఒక మేడం ఫోన్ చేసింది. నీలాంబరి అని చెప్పుమన్నది. కందకుర్తి కాడ ఉన్నదట. జల్ది రమ్మన్నది. నా నంబర్ ఆమెకెట్ల దొరికింది?"

"నాకూ తెలవది. నడువు."

* * *

కందకుర్తిలో గోదావరి, మంజీర కలిసేచోట నీళ్లు రెండు రంగుల్లో ఉన్నాయి. మెట్ల మీద ఒక కుటుంబం పిండాలు పెట్టుకుంటోంది. కొంచెం దూరంలో ఆకుపచ్చ పట్టుచీర, నల్లద్దాలు, ఎర్ర గోళ్లు.

శ్రీవాణే నీలాంబరి.

"అఖిలేష్ అనాల్నా, ముఖీత్ అనాల్నా?"

"టైం లేదు. చెప్పు."

"అబ్బ, గంత కోపమా. ఫస్ట్ నీ ఫోన్ ఇయ్యి. మన మాటలు వింటుండొచ్చు."

అతను ఇచ్చాడు. ఆమె దాన్ని నవ్వుతూనే గోదావరిలో వదిలేసింది. బుడగలు వచ్చాయి. ఆ ఫోన్‌లో అమ్మ ఫోటో ఉంది.

శ్రీవాణి గొంతు తగ్గించింది. చచ్చిన జత పాత చెరుకు కాంటాకు పోతుంది. కాంటా పక్కన పట్టాల కింద నీళ్లు పోయే మోరీ. మోరీలో పేలుడు ఛార్జి పెట్టారు. ప్రతి శుక్రవారం వచ్చే రెండు రింగులు లైన్ టెస్టింగ్. ఈరోజు మూడో రింగు కూడా వస్తుంది. మూడో రింగుకు పేలుతుంది.

"మరి ఆ ఇల్లే ఎందుకు?"

"ఫోన్ ఎత్తితే రింగు ఆగిపోతది గదా. రింగు మోగితే ఎవలైనా ఎత్తుతరు. రెండు రింగులకు ఎత్తని ఇల్లు కావాలె. జిల్లా అంత తిరిగిన. గొక్కటే దొరికింది." ఆమె నీళ్ల వైపు తిరిగింది. "గామెకు సంతోషమే గదా ఇచ్చిన."

ముఖీత్ మెట్లు ఎక్కబోయాడు. శ్రీవాణి ఆపింది.

"ఇగో సూడు. స్తంభం ఎక్కు. కలిపిన తీగ కొయ్యి. గని ముందే కొయ్యకు. కరెక్టుగ రెండింటికి, ఫస్ట్ రింగు రాంగనే కొయ్యి. అప్పుడైతే కాల్ లైన్ మీదుంటది. మీవోళ్లు ట్రేస్ చేయొచ్చు. ముఠా అంత దొర్కుతది."

తెలివైన ప్లాన్. ముఖీత్ ఆటో వైపు పరుగెత్తాడు. వెనక్కి చూస్తే ఆమె పిండాలు తింటున్న కాకులను చూస్తూ నిలబడి ఉంది.

ఆటోలో ముఖీత్ ఎజాజ్ ఫోన్ తీసుకుని హైదరాబాద్‌కు కొట్టాడు.

"సార్, రుజువు ఉంది. మోరీ కింద ఛార్జి. రైలు ఆపండి."

"రైలు నిజామాబాద్ దాటింది," అన్నాడు భానుప్రసాద్. "కంట్రోల్ రూమ్‌తో మాట్లాడి—"

మాట తెగిపోయింది. ఫోన్ మీద గీతలన్నీ మాయం. పైలట్ ఇంజన్ దగ్గరికి వచ్చేసింది. రైలును కాపాడడానికి పెట్టిన జామర్ ఇప్పుడు రైలును కాపాడేవాడి నోరు మూసింది.

"ఎజాజ్ భాయ్, గింతేనా దీని స్పీడు?"

"ఆటో గిది. ఏరోప్లేన్ గాదు," అన్నాడు ఎజాజ్. కానీ యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పాడు.

* * *

స్తంభం పైన ముఖీత్ ప్లయర్ తెరిచి పట్టుకున్నాడు. గడియారం చూసుకున్నాడు. రెండింటికి ఇంకా కాసేపు ఉంది. పాన్ డబ్బా తీగ పక్కన పెట్టాడు. మీటరు ముల్లు కొంచెం పక్కకు జరిగి నిలబడింది.

ఎవరూ మాట్లాడడం లేదు. రింగు లేదు. అయినా తీగ అవతలి కొసన ఏదో కూర్చుని కరెంటును కొంచెం కొంచెం చప్పరిస్తోంది. కావలి కుక్కలాగా.

కరెంటు ఆగితే అది ఏం చేస్తుంది?

అతనికి లక్ష్మీరాజం గుర్తొచ్చాడు. ఇదే నిచ్చెన. ఇదే డబ్బా. తప్పు తీగ కనిపిస్తే ఏ లైన్‌మన్ అయినా కోసేస్తాడు. అతను కోయలేదు. కోసేలోపే చంపారు. ఎందుకు? కోసిన తీగను మళ్లీ ముడేసుకోవడం ఎంత సేపు? ముడేసుకోవడానికి వీల్లేని పని అయితే తప్ప, తీగ ముక్క కోసం మనిషిని చంపరు.

తీగ తెగితే ఛార్జి పేలుతుంది. రైలు లేనప్పుడు పేలితే ముఠా పని చెడుతుంది. అందుకే లక్ష్మీరాజాన్ని ఆపారు.

కరెక్టుగ రెండింటికి కొయ్యి, అంది శ్రీవాణి. రెండింటికి రైలు మోరీ మీద ఉంటుంది.

ముఖీత్ ప్లయర్‌ను మెల్లగా మూసి జేబులో పెట్టుకున్నాడు. జవాన్లను చంపే చెయ్యి తనదే అయ్యేది. మూడో రింగు వరకు ఆగాల్సిన అవసరం కూడా వాళ్లకు ఉండేది కాదు.

కోయకూడదు. కానీ రింగు ఆగాలి. ఒకటే దారి. ఇంట్లో ఫోన్ ఎత్తాలి. ఎత్తితే రింగు ఆగుతుంది, తీగలో కరెంటు మాత్రం పూర్తిగా పోదు. ఇంటివాళ్లు ఎప్పుడైనా ఫోన్ ఎత్తుకుంటారు కదా. ఎత్తినప్పుడల్లా పేలేలా ఎవడూ పెట్టుకోడు.

దూరంగా నిజామాబాద్ వైపు నుంచి కూత వినిపించింది. స్తంభం పైనుంచి ఇంజన్ ఎండలో నల్ల మచ్చలా కనిపించింది. ముఖీత్ నిచ్చెన మీద కాళ్లు పెట్టకుండానే జారాడు. చెరుకు తోటలో అడ్డంగా పరుగు తీశాడు. ఆకులు మొహం కోశాయి.

* * *

విమలమ్మ తలుపు తెరిచే ఉంది. ఆమె తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, ఫోన్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. శుక్రవారం రెండింటికి ఎప్పుడూ అలాగే కూర్చుంటుంది.

"అవ్వా, ఫోన్ ఎత్తి పక్కన పెట్టుండ్రి."

"గిదేంది, మొఖం నిండ నెత్తురు?" ఆమె ఫోన్‌ను రెండు చేతులతో దగ్గరికి తీసుకుంది. "ఎత్తితే ఎట్ల? ఇప్పుడు ఆయన రింగు ఇచ్చే టైం."

"గది ఆయన గాదు అవ్వా."

"ఎవలన్నరు?"

"నేను కంపెనీ మనిషిని గాదు. పోలీసోన్ని అనుకోండ్రి. గా శ్రీవాణి మోసం చేసింది. మీరు రెండింటికి ఎత్తరని మీ నోట్లకెళ్లే తెలుసుకున్నది. మీ లైన్‌కు కాంటా లైన్ కలిపిండ్రు. పట్టాల కింద బాంబు ఉన్నది. మూడో రింగుకు రైలు పేలుతది. లక్ష్మీరాజన్నను చంపింది గూడ వాళ్లే."

విమలమ్మ అతని మొహం వంక చూసింది. మాట అర్థం కానట్టు కాదు. అర్థం చేసుకోవడానికి ఇష్టం లేనట్టు.

ఫోన్ మోగింది. సన్నటి రింగు. పీల గొంతు.

ముఖీత్ చెయ్యి చాచాడు. ఆమె ఆ చేతి మీద గట్టిగా కొట్టింది.

"చెయ్యి తియ్. నా ఫోన్ గిది."

కాళ్ల కింద నేల అదురుతోంది. గోడ మీద దేవుడి పటం చప్పుడు చేసింది.

"అవ్వా, రైలుల మీ ఆయన అసొంటోళ్లే ఉన్నరు," అన్నాడు ముఖీత్. "ఇంట్ల రింగు కోసం కూసున్నోళ్లు వాళ్లకు గూడ ఉన్నరు."

రెండో రింగు.

"ఎత్తేదుంటే," అంది విమలమ్మ, "నేనే ఎత్తుత."

ఎత్తింది.

రింగు మధ్యలోనే తెగిపోయింది. ఆమె రిసీవర్ చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుంది.

"ఏమయ్యా," అంది. "నువ్వేనా?"

అవతల ఎవరో ఊపిరి పీల్చారు. ఆమెకు తెలియని భాషలో ఒక్క మాట అన్నారు. పెట్టేశారు.

రైలు పోతోంది. పెట్టె వెనక పెట్టె. వంటింట్లో గిన్నెలన్నీ గలగలలాడాయి. చాలా పొడుగు రైలు. అది మోరీ దాటి, చెరుకు తోట దాటి, బాసర వైపు పోయి, చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా విమలమ్మ రిసీవర్ దించలేదు.

* * *

సాయంత్రానికి మిలిటరీవాళ్లు వచ్చి మోరీ కింది ఛార్జి తీసేశారు. శ్రీవాణి మహారాష్ట్ర సరిహద్దులో సాలూర చెక్‌పోస్టు దగ్గర దొరికింది. చీర మార్చుకుంది, పేరు మార్చుకుంది, మరాఠీ కూడా బాగానే మాట్లాడింది. సెంటు మార్చుకోవడం మరిచిపోయింది. ఆమె చెప్పిన పేర్లతో మూడు నగరాల్లో తలుపులు పగిలాయి.

"గుడ్ వర్క్," అన్నాడు భానుప్రసాద్. "ఆ పాత లైన్ కోయించేస్తున్నాను."

"కోయొద్దు సార్."

"కారణం?"

"ఫైలులో రాసేది కాదు సార్."

భానుప్రసాద్ అతని మొహం మీద చెరుకాకు గీతలను చూశాడు. ఫైలు మూసేశాడు.

మళ్లీ శుక్రవారం ముఖీత్ సెలవు పెట్టి వచ్చాడు. టోపీ లేదు. కార్డు లేదు. వాకిట్లో పెంటవ్వ కూర్చుని ఉంది. ఆమెను విమలమ్మే పోయి పిలుచుకొచ్చిందట. ఇద్దరూ ఒకే చాటలో చింతపండు గింజలు తీస్తున్నారు. పెద్దగా మాట్లాడుకోవడం లేదు.

"అవ్వా, నా పేరు అఖిలేష్ గాదు. ముఖీత్."

"దర్గా మాట చెప్పంగనే నెత్తి సదురుకుంటివి. గప్పుడే ఎర్కైంది. కూసో. ఛాయ్ తాగుతవా?"

ఛాయ్ తెచ్చింది. ఫోన్‌కు పసుపు రాయలేదు ఈసారి. గుడ్డ మాత్రం ఉతికి వేసింది.

రెండు గంటలైంది. ముగ్గురూ ఫోన్ వంక చూడకుండా కూర్చున్నారు. బయట ఎవరిదో ట్రాక్టర్ పోయింది. కోడి ఒకటి గడప ఎక్కి లోపలికి చూసి దిగిపోయింది. ఫోన్ మోగలేదు.

"లైన్ కోయలేదా?" అంది విమలమ్మ.

"లేదు అవ్వా. మంచిగనే ఉన్నది. రింగు గూడ ఇప్పుడు సన్నగ రాదు."

ఆమె లేచి రిసీవర్ ఎత్తి విన్నది. లోపల గుయ్‌మని చప్పుడు. లైన్ బతికే ఉంది. దించేసింది. ఫోన్ మీద గుడ్డ సర్దుతూ అడిగింది.

"గిన్ని శుక్రారాలు ఇచ్చినోళ్లు, దొంగలేనా అందరు?"

"అవును అవ్వా."

విమలమ్మ ఖాళీ గ్లాసులు తీసుకుంది. వంటింటి గడప దగ్గర ఆగింది.

"దొంగలైతేంది బిడ్డా," అంది. "టైముకిచ్చిండ్రు. ఆయన ఉన్నన్నొద్దులు గూడ గంత సక్కగ ఎన్నడియ్యలే."